అప్‌డేట్: గంజాయి షాపుకి సిటీ ఫీజు, నా పేరున జరిమానా – తేలిపోయింది

మార్చిలో అడిగాను: కాలిఫోర్నియాలో మా బిల్డింగ్‌లో అద్దెకున్న లైసెన్సు గంజాయి షాపుకి సిటీ ఏడాది ఫీజు పెంచింది, పైగా జరిమానా నోటీసు ఓనరునని నా పేరున వచ్చింది, ఏం చెయ్యాలని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది "ఫీజు స్టడీ (ఫీజు ఎంతో సిటీ ఎలా లెక్కగట్టిందో చూపే నివేదిక) కాపీ అడగండి" అన్న సలహా. పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద రాస్తే ఇచ్చారు. ఇన్‌స్పెక్షన్‌కి ఇన్ని గంటలు, గంటకి ఇంత అని పట్టిక ఉంది. 2010లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రొపోజిషన్ 26 అనే చట్టం ప్రకారం ఇలాంటి ఫీజు సిటీకయ్యే ఖర్చు దాటకూడదు. దాటితే అది పన్ను కిందకొస్తుంది, ఓటర్లు ఒప్పుకోవాలి. మా దగ్గర లెక్క సరిపోయింది, షాపాయన కట్టేశారు.

జరిమానాకి ఆ పరిమితి లేదని లాయరు చెప్పారు. దానికి అప్పీలే దారి. జరిమానా వేసింది ఇందుకు: షాపు కెమెరా రికార్డింగులు 90 రోజులు ఉంచాలి, షాపు వాళ్ళ హార్డ్ డిస్క్‌లో 41 రోజులవే ఉన్నాయి! కొత్త డిస్క్ బిల్లు, లీజు కాపీ పట్టుకెళ్ళాం. హియరింగ్‌లో నా పేరు తీసేసి జరిమానా షాపు మీదే ఉంచారు. నోటీసులో అప్పీలు గడువు ముందు చూసుకోండి, మేం రెండ్రోజులుందనగా వేశాం.