అప్‌డేట్ల తరువాత మొరాయిస్తున్న ల్యాప్‌టాప్: లోపం డిస్కుదా, డ్రైవర్‌దా?

మాది తిరుపతి. ఇంట్లో జమాఖర్చుల పనికీ, మా అమ్మాయి చదువుకూ వాడే ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, పాత తరహా హార్డ్‌డిస్కు ఉన్నాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం వల్ల 11కు మారాను. మొదట బాగానే నడిచినా, తరువాతి నెలవారీ అప్‌డేట్లు ఎక్కినప్పటి నుంచి, ఆన్ చేశాక చాలాసేపటి వరకు టాస్క్ మేనేజర్‌లో డిస్కు వాడకం 100 శాతం దగ్గరే నిలిచిపోతోంది. పని మధ్యలో నీలిరంగు తెర కనిపించి, దానంతటదే రీస్టార్ట్ అవుతోంది.

విండోస్ సంఘటనల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని నమోదవుతోంది గానీ, యంత్రం సవ్యంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని చెప్పడమే తప్ప, ఎందుకు ఆగిందో అది చెప్పదు. సిస్టం ఫైళ్ల తనిఖీలో లోపాలేవీ బయటపడలేదు. మా ఊరి ఎండలను బట్టి వేడిని అనుమానించాను కానీ, తెల్లవారుజామున చల్లటి వేళలోనూ ఇదే వరుస. అత్యవసరమైన డ్రైవర్లతో (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్‌తో) మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో మాత్రం ఎంతసేపు ఉంచినా ఆగడం లేదు. అందువల్ల గ్రాఫిక్స్ డ్రైవర్‌పైనే నాకు ఎక్కువ అనుమానం.

ఇక్కడి మరమ్మతు దుకాణంలో చూపిస్తే, ఏమీ పరీక్షించకుండానే ఫార్మాట్ చేద్దామన్నారు. అన్ని జబ్బులకూ ఒకే మాత్ర ఇచ్చినట్టుంది ఆ సలహా.

ముందుగా పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లి చూడాలా, లేక డిస్కు ఆరోగ్యాన్ని పరీక్షించి వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కుకు మారడమే మేలా? నీలిరంగు తెర వచ్చినప్పుడు విండోస్ భద్రపరిచే మినీడంప్ ఫైలులో కారణమైన డ్రైవర్ పేరును ఎలా గుర్తించాలో కూడా తెలిసినవారు దయచేసి వివరించగలరు.