నత్తి ఉన్న పిల్లాడితో స్నేహం: మా అమ్మాయికి ఏ బొమ్మల పుస్తకం చదివి వినిపించాలి?

ఎంవీపీ కాలనీ అమ్మ:

మా అమ్మాయికి ఆరేళ్లు. రెండు నెలల కిందట మా కింద ఫ్లాట్‌లోకి ఒక కుటుంబం దిగింది. వాళ్ల బాబుదీ అదే వయసు. వాడికి మాట మొదట్లోనే పట్టేస్తుంది. 'బంతి' అనాలంటే 'బ' దగ్గర ఆగిపోయి, కళ్లు గట్టిగా మూసుకుని, కుడిచేత్తో నిక్కరు నలుపుతాడు. అప్పుడు గానీ మిగతా మాట రాదు.

మొదటివారం బాగానే ఆడుకున్నారు. ఒక సాయంత్రం రైతుబజారు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే పైనుంచి మా పిల్ల గొంతు. 'బ్బ్బ్బంతి' అంటోంది, కళ్లు మూసుకుని, గౌను నలుపుతూ మరీ. మిగతా పిల్లలంతా పడీపడీ నవ్వుతున్నారు. ఆ బాబూ నవ్వుతున్నాడు. అదే నాకు మింగుడుపడలేదు. బీరకాయల సంచీ మెట్ల మీదే పడేసి దాన్ని ఇంట్లోకి లాక్కెళ్లాను. రెండు తగిలించాను కూడా, దాపరికమెందుకు.

ఇప్పుడది వెక్కిరించడం మానేసింది. వాడితో మాట్లాడ్డమూ మానేసింది. 'మాట్లాడితే నువ్వు కొడతావుగా' అంటుంది. మా అత్తగారిది బొబ్బిలి వైపు. 'ఏటే, అంత రాద్ధాంతం! గుడ్డి కంటే మెల్ల నయం. పెద్దయితే అదే పోతాది' అని పిల్ల ముందే తేల్చేశారు. అసలు నత్తిని చూస్తే నవ్వాలని మన సినిమాలు నేర్పినంత బాగా ఎవరూ నేర్పలేదనుకోండి.

పుస్తకంతో ప్రయత్నిద్దామని ఒకటి కొన్నాను. రంగురంగుల జంతువులు, ఆఖరి పేజీలో 'అందరితో దయగా ఉందాం' అని పెద్ద అక్షరాలు. అది తిన్నగా ఆఖరి పేజీకే వెళ్లి, 'ఇది నన్ను తిట్టడానికి కొన్నావు కదమ్మా' అంది.

ఇంకో రకం కథ కూడా నాకు పడదు. వేరుగా ఉన్న పిల్లాడు చివర్లో అందరినీ ఆపదనుంచి గట్టెక్కిస్తాడు, అప్పుడు గానీ వాణ్ణి ఆటలోకి రానివ్వరు. మా కింద ఫ్లాట్ బాబు ఎవర్నీ గట్టెక్కించక్కర్లేదు. వాడు అడిగితే బంతి ఇవ్వాలి, అంతే. అలాంటి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి. తెలుగైతే మరీ మంచిది.

ఉక్కునగరం తాతయ్య:

అమ్మా, మా మనవడికి నేను చదివింది 'కన్నా పన్నా'. జై విటేకర్ రాసింది, చెన్నై తూలిక వాళ్ల ప్రచురణ. కన్నా ఇంట్లో ఎక్కువ మాట్లాడడు. పిన్నీ బాబాయిలతో గుహలు చూడ్డానికి వెళితే అక్కడ దీపాలు ఆరిపోతాయి. వాడే అందరినీ బయటికి తీసుకొస్తాడు. కన్నాకి చూపు లేదు మరి. చీకటైనా వెలుతురైనా వాడికి ఒకటే. బొర్రా గుహలు చూసొచ్చిన వారంలోనే చదివాను కాబట్టి మావాడు కళ్లు మూసుకుని గోడలు తడుముతూ హాలంతా తిరిగాడు.

మీకు నచ్చని కథ ఇదేనంటారేమో! కావచ్చు. అయినా మావాడికి నచ్చింది.

ఖర్చు లేకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలెట్టిన స్టోరీవీవర్ ఉంది. తెలుగు కథలు ఫోన్లో ఉచితంగా చదవొచ్చు, ప్రింటూ తీసుకోవచ్చు. ఏరుకోవడానికే ఓపిక కావాలి.

గాజువాక కుర్రాడు:

మేడమ్, నాకు ముప్పై నాలుగేళ్లు. ఇప్పటికీ నత్తి ఉంది. ఆ బాబు ఎందుకు నవ్వాడో నాకు తెలుసు. నేనూ అలాగే నవ్వేవాణ్ణి. ఏడిస్తే ఇంకో నెల ఎక్కువ ఏడిపిస్తారు.

కాలేజీ రోజుల్లో బస్సులో 'గాజువాక' అనలేక కూర్మన్నపాలెం టికెట్ తీసుకునేవాణ్ణి. 'గ' రాదు, 'క' వచ్చేది. దూరం టికెట్ కొని ముందే గాజువాకలో దిగిపోయేవాణ్ణి. ఎన్ని డబ్బులు అలా తగలేశానో లెక్కలేదు.

మీకు కావలసిన పుస్తకం 'ఐ టాక్ లైక్ ఎ రివర్'. 2020లో వచ్చింది. కెనడా కవి జోర్డాన్ స్కాట్ తన చిన్నతనం గురించే రాశాడు, ఆయనకూ నత్తి ఉంది. బొమ్మలు సిడ్నీ స్మిత్‌వి. బడిలో మాట రాక నలిగిపోయిన పిల్లాణ్ణి నాన్న నది ఒడ్డుకి తీసుకెళతాడు. నీళ్లు సుడి తిరుగుతూ, రాళ్లకి కొట్టుకుంటూ ఎలా పోతున్నాయో చూపించి, నీ మాటా ఇలాంటిదే అంటాడు. ఎవర్నీ కాపాడ్డాలు లేవు. నత్తి కూడా పోదు. నాకు నచ్చింది అదే. ఇంగ్లీషే, కానీ పేజీకి మాటలు తక్కువ. బొమ్మ చూపిస్తూ మీరే తెలుగులో చెప్పెయ్యొచ్చు.

ఇంకోటి. వాడి మాట మీరు పూర్తి చెయ్యకండి. 'నెమ్మదిగా చెప్పు నాన్నా' అని కూడా అనకండి. ప్రేమగానే అంటారు, కానీ అప్పుడు ఇంకా బిగుసుకుపోతుంది. వాడి మొహం చూస్తూ మామూలుగా ఆగండి, చాలు.

సీతమ్మధార టీచర్:

పిల్లలు తప్పు చేసిన వారంలో నీతి పుస్తకం తెస్తే శిక్షలాగే ఉంటుంది. నాలుగు సరదా పుస్తకాల మధ్య ఇదొకటి పెట్టండి. చదివాక 'ఏం తెలుసుకున్నావ్?' అని మాత్రం అడక్కండి, దయచేసి.

పుస్తకం పిల్లలకి వేరేవాళ్ల బతుకు చూపించే కిటికీ కావచ్చు, తమని తమకే చూపించే అద్దమూ కావచ్చునని అమెరికాలో రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆవిడ 1990లో రాశారు. మీ అమ్మాయికి ఇది కిటికీ. ఆ బాబుకి అద్దం. వాడికి చూపించే ముందు వాళ్లమ్మని ఒక మాట అడగండి. కొందరు తల్లులు ఇంట్లో ఆ మాటే ఎత్తనివ్వరు.

ఎంవీపీ కాలనీ అమ్మ:

ఆ నది పుస్తకం వచ్చింది. కిందికి వెళ్లి వాళ్లమ్మని అడిగాను. జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆవిడకి ముందే తెలుసట. 'వాడే చెప్పాడండీ' అన్నారు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేకపోయాం. తర్వాత కాఫీ ఇచ్చారు.

మా పిల్లకి కథ ఎంత ఎక్కిందో గానీ మధ్యలో మడతలు విప్పే పేజీ ఒకటుంది, విప్పితే నీళ్లన్నీ తళతళలాడుతూ పరుచుకుంటాయి. దాన్ని మాత్రం ఇరవైసార్లు విప్పింది. నిన్న నాతో చెప్పకుండానే కిందికి పట్టుకెళ్లింది. పావుగంటకే అరుపులు. ఆ పేజీ ఎవరు విప్పాలని గొడవ. వాడు 'న్న్న్నేను' అంటున్నాడు, ఇది 'నీది అయిపోయింది, ఇప్పుడు నేను' అని లాగుతోంది. మడత దగ్గర పర్రున చిరిగింది.

సెల్లోటేప్ అంటించాను. తాతయ్యగారూ, ఆ గుహల పుస్తకం కూడా తెప్పిస్తున్నాను. ఈసారి రెండు కాపీలు.