డాక్ ఎంపిక: ఆర్‌-టూ‌ఆరా, డెల్టా సిగ్మానా?

ప్రశ్న: లక్షన్నరలో డాక్ (డిజిటల్ సంగీతాన్ని అనలాగ్ విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) కొనాలనుకుంటున్నాను. ఆర్‌-టూ‌ఆర్ రకం (రెసిస్టర్ల నిచ్చెనతో మార్చేది) మేలా, డెల్టా సిగ్మా (కొద్ది బిట్లను అతివేగంగా పంపి వడపోసేది) మేలా? ఇప్పుడున్న దానిని ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీతో కలిపితే, వీణ తీగ మోగి ఆగిన నిశ్శబ్దంలో సన్నని హమ్ వినిపిస్తోంది.

జవాబు: అది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ మార్గాల మధ్య అనవసరంగా పారే విద్యుత్) కావచ్చునండి. ఛార్జర్ తీసివేసి వినండి; హమ్ ఆగితే కొత్త డాక్ కన్నా ముందు యూఎస్‌బీ ఐసొలేటర్ (ఆ విద్యుత్ మార్గాన్ని తెంచే చిన్న పరికరం) గాని, వెలుతురుతో సంకేతం పంపే ఆప్టికల్ కేబుల్ గాని ప్రయత్నించడం మంచిది.

మరో జవాబు: సీడీలోని 16 బిట్ల పరిధి (అతి సన్నని, అతి గట్టి ధ్వనుల మధ్య తేడా) సుమారు 96 డెసిబెళ్లు కాగా, మంచి డెల్టా సిగ్మా డాక్ దానిని సులువుగా దాటుతుంది కనుక నా ఓటు దానికే. అయితే బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (ఒకే సంకేతాన్ని రెండు తీగల్లో వ్యతిరేకంగా పంపేది) సాధారణంగా 4 వోల్టులు, ఆర్‌సీఏ (మామూలు ఆడియో జాక్) 2 వోల్టులు ఇస్తాయి. ఆ 6 డెసిబెళ్ల తేడాను సరిచేయకుండా రెండింటిని పోల్చితే, గట్టిగా పలికినదే మేలనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఛార్జర్ తీయగానే హమ్ ఆగిందండి, కృతజ్ఞతలు. ముందుగా ఐసొలేటర్ తెప్పిస్తున్నాను.