కొట్లో ఏసీ నుంచి నీళ్లు, మెకానిక్ మూడుసార్లు వచ్చినా ఆగలేదు

రాజమండ్రి బట్టల కొట్టు – బుధవారం, రాత్రి 11:52

ఎవరైనా దారి చెప్పండి. సాయంత్రం నుంచి నిచ్చెన ఎక్కడం, దిగడంతోనే సరిపోయింది. కొట్లో ఏసీ నుంచి నీళ్లు పడుతున్నాయి. చుక్క చుక్క కాదు, గ్లాసుడు నీళ్లు ఒక్కసారి కుమ్మరించినట్టు పడతాయి, మళ్లీ చాలాసేపు ఏమీ ఉండదు. మెకానిక్ మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి ఫిల్టర్లు కడిగి 600 తీసుకున్నాడు. రెండోసారి గ్యాస్ తగ్గిందని 2,800. మూడోసారి ఏదో సరిచేసి, ఇక రాదన్నాడు. మర్నాడు పొద్దున కొట్టు తెరిచి చూస్తే, కౌంటర్ మీద మడత విప్పి ఉంచిన రెండు ఉప్పాడ చీరలు తడిసి ఉన్నాయి. జరీ అంచు పక్కన అరచేయంత మరక. ఎల్లుండి శ్రావణ శుక్రవారం. ఏసీ వేయకుండా ఈ ఉక్కలో జనాన్ని కూర్చోబెట్టలేను. గాజు కౌంటర్ మీద బకెట్ పెట్టాను, వచ్చినవాళ్లు చీర చూడకుండా పైకి చూస్తున్నారు. ఏమి చేయాలి?

కరెంటు మనిషి – రాత్రి 11:58

ఏ ఏసీ? ఎన్ని టన్నులు? ఎక్కడ బిగించారు?

లెక్కల మాస్టారు – గురువారం, తెల్లవారుజాము 4:40

బాబూ, ముందుగా ఒక సంగతి. ఏసీ నీళ్లు తీయడం దోషం కాదు, అది పుట్టిందే అందుకు. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయం ఉండేది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, ముడుచుకుని, ఒక రంగు మీద మరో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు గాలిని చల్లటి గొట్టాల మీదుగా పంపే ఏర్పాటు చేశాడు. మనుషులను చల్లబరచాలన్నది అప్పటి ఉద్దేశమే కాదు. గోదావరి పక్కన శ్రావణమాసంలో గాలినిండా నీరే కాబట్టి మీ యంత్రం దాని పని అది చేస్తోంది.

రెండో సంగతి. ఏసీ ఎన్ని డిగ్రీల మీద పెట్టారో రాయలేదు. కేంద్ర ప్రభుత్వం 2020 జనవరి 1 నుంచి గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని నిబంధన పెట్టింది. జనం వెంటనే రిమోట్ తీసుకుని 18కి దించుతారు. గదిలో 30 ఉంటే 18 మీద పెట్టినంత మాత్రాన తొందరగా చల్లబడదు, యంత్రం ఆగకుండా తిరుగుతుందంతే. నేను 26 మీద పెట్టి ఫ్యాను వేసుకుంటాను. మా ఇంటి బిల్లు చూస్తే మీరు నమ్మరు.

రాజమండ్రి బట్టల కొట్టు – గురువారం, ఉదయం 7:15

మాస్టారూ, 18 మీదే ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ నా చీరల సంగతి చెప్పండి. కరెంటు మనిషి గారూ, మూడు టన్నులది. సీలింగ్ ఏసీ. నాలుగు వైపులా గాలి వస్తుంది.

కరెంటు మనిషి – ఉదయం 7:17

క్యాసెట్. అది మొదటే రాయాలి.

వరంగల్ ఇంటీరియర్స్ – ఉదయం 7:50

సీలింగ్ ఏసీ అన్నా క్యాసెట్ అన్నా ఒకటే కదండీ. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా సీలింగ్ ఏసీ అనే అంటారు.

కరెంటు మనిషి – ఉదయం 7:52

ఒకటి కాదు.

లెక్కల మాస్టారు – ఉదయం 8:20

ఒకటి కాదని చెప్పి ఊరుకుంటే ఎలా? సీలింగ్ కింద బయటికి కనబడేలా వేలాడే రకం వేరు. ఫాల్స్ సీలింగ్ లోపల దాగి, అడుగున చదరపు జాలీ మాత్రమే కనబడేది క్యాసెట్. పైన ఎక్కడో పెట్టి, రేకు గొట్టాలతో గదులకు గాలి పంచేది డక్టు రకం. పనిలో పనిగా టన్ను సంగతి కూడా. అది బరువు కాదు. ఒక అమెరికా టన్ను మంచు, అంటే సుమారు 907 కిలోలు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని తీసే శక్తి. వేడిని కొలిచే బీటీయూ లెక్కలో గంటకు 12,000. మా వీధిలో ఒకాయన టన్నున్నర ఏసీ అంటే గోడ ఆపుతుందా అని మేస్త్రిని అడిగాడు.

ఇరవయ్యేళ్ల స్పానర్ – ఉదయం 9:05

మాస్టారు గారికి నమస్కారం. కొట్టు గారూ, గోడ ఏసీలో నీరు దానంతట అదే కిందికి జారిపోతుంది. క్యాసెట్‌లో అలా కుదరదు. ఆ నీరు పడే ట్రే సీలింగ్ మట్టంలో ఉంటుంది, బయటికి పోయే పైపు దానికన్నా ఎత్తులో ఉంటుంది. అందుకని లోపల చిన్న పంపు ఉండి నీటిని పైకి తోస్తుంది. పైకి ఎక్కిన నీరు అక్కడి నుంచి వాటంగా గోడ బయటికి పోవాలి. మూడు టన్నుల యంత్రం ఈ ఉక్కలో గంటకు మూడు నాలుగు లీటర్లు తీసినా వింత కాదు. అంత నీరు ఎక్కడ ఆగుతోందన్నదే ప్రశ్న.

మూడు విషయాలు చెప్పండి. నీళ్లు పడేది ఏసీ నడుస్తున్నప్పుడా, ఆపిన తరువాతా? ఈ మధ్య సీలింగ్‌లో వేరే పని ఏదైనా జరిగిందా? మూడోసారి మెకానిక్ చేసిన ఆ "ఏదో" ఏమిటి?

చల్లగాలి సర్వీస్ – ఉదయం 9:30

అంత దూరం ఎందుకు, గ్యాస్ తక్కువైతే కాయిల్ మీద, అంటే లోపలి చల్లటి గొట్టాల మీద, మంచు కట్టి నీళ్లు కారతాయి. ఏటా గ్యాస్ నింపించుకోవాలి. మేము అలాగే చేస్తాం.

ఇరవయ్యేళ్ల స్పానర్ – ఉదయం 9:41

మంచు కట్టి కారడం నిజమే, ఫిల్టర్ మూసుకుపోయినా అలాగే జరుగుతుంది. ఏటా నింపాలన్నది మాత్రం నిజం కాదు. అది స్కూటర్‌లో పెట్రోలు కాదు ఖర్చయిపోవడానికి. మూసిన గొట్టాల్లో తిరిగే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతకకుండా నింపితే డబ్బు గాలిలో కలిసినట్టే. కొత్తవాటిలో ఎక్కువగా వస్తున్న ఆర్32 అనే గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం కూడా ఉంది. దాన్ని తూకం వేసి నింపాలి. గొట్టం చేత్తో పట్టుకుని "చల్లగా తగులుతోంది, చాలు" అనకూడదు.

చల్లగాలి సర్వీస్ – ఉదయం 9:44

మీరు నాకు నేర్పనక్కర్లేదు.

రాజమండ్రి బట్టల కొట్టు – మధ్యాహ్నం 2:30

బేరాల్లో ఉండి చూడలేదు. స్పానర్ గారూ, మీరు అడిగాక ఆలోచిస్తే, పడేది ఎక్కువగా ఆపిన తరువాతే. రాత్రి తొమ్మిదిన్నరకు కొట్టు కట్టేసేటప్పుడు మెయిన్ కిందికి కొట్టేస్తాను. రిమోట్ ఎందుకు, ఎలాగూ అన్నీ ఆపాలి కదా. కరెంటు పోయినప్పుడూ పడింది. పోయిన నెల ఆషాఢంలో బేరాలు లేవని సీలింగ్‌కు కొత్త ఫోకస్ లైట్లు పెట్టించాను. ఏసీని ఎవరూ ముట్టుకోలేదు, అందుకే రాయలేదు. మూడోసారి మెకానిక్ వచ్చింది నీళ్లకు కాదు. ఏసీ దానంతట అదే ఆగిపోయి, ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉండేది. అతను జాలీ దించి, పక్కనున్న డబ్బాలో రెండు తీగలు కలిపి టేపు చుట్టాడు. అప్పటి నుంచి ఆగకుండా చక్కగా చల్లబరుస్తోంది.

కరెంటు మనిషి – మధ్యాహ్నం 2:33

ఫ్లోట్ స్విచ్ తీగలు. ఏసీ ఆపండి.

ఇరవయ్యేళ్ల స్పానర్ – మధ్యాహ్నం 2:50

అసలు కథ ఇప్పుడు చెప్పారు. ట్రేలో నీరు మట్టం దాటితే చిన్న బెండు పైకి తేలి, యంత్రానికి చల్లబరచడం ఆపమని చెబుతుంది. దాన్నే ఫ్లోట్ స్విచ్ అంటారు. ఎర్ర లైటు వెలిగి ఆరిందంటే, నీరు పోవడం లేదు బాబోయ్ అని అది మొత్తుకున్నట్టు. మీ మెకానిక్ దాని నోరు కట్టేశాడు. అందుకే ఇప్పుడు ట్రే నిండి పొర్లుతున్నా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. ఆ నీరు పొర్లే చోట కరెంటు తీగలున్నాయి. చీర పోతే చీర పోయింది, కింద కూర్చున్న మనిషి మీదికి షాకు రాకూడదు.

ఆపిన తరువాత కుమ్మరించినట్టు పడడానికి కారణం, పైకి ఎక్కి అవతలికి దిగని నీరు పంపు ఆగగానే వెనక్కి ట్రేలోకి రావడం. రిమోట్‌తో ఆపితే చాలా యంత్రాల్లో పంపు మరికొన్ని నిమిషాలు తిరిగి ట్రే ఖాళీ చేస్తుంది. మీరు మెయిన్ కొట్టేస్తే పంపు కూడా అక్కడికక్కడే ఆగుతుంది. మామూలుగా పైపులో మిగిలే కాస్త నీరు వెనక్కి వచ్చినా ట్రే పట్టాలి. మీకు పట్టడం లేదంటే పైపులో చాలా నీరు నిలుస్తోంది. లైట్ల పనిలో పైపును ఎవరో కదిపారని నా అనుమానం.

వరంగల్ ఇంటీరియర్స్ – మధ్యాహ్నం 3:10

ప్రతిదానికీ సీలింగ్ పనివాళ్ల మీదికే తోస్తారు. మేము వచ్చేసరికి ఏసీ వాళ్లు పైపును తాడుతో కట్టి వదిలేసి ఉంటారు. ఒక చోటైతే క్యాసెట్ చట్రాన్నే మా జిప్సం బోర్డు చానెల్ మీద ఆనించారు. జాలీతో కలిపి 30 కిలోల పైమాటే. అది పడితే ఎవరిది బాధ్యత?

ఇరవయ్యేళ్ల స్పానర్ – మధ్యాహ్నం 3:25

అందులో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. యూనిట్ బరువు మొత్తం స్లాబుకు బిగించిన నాలుగు మర రాడ్ల మీదే ఉండాలి. మామూలుగా 10 మిల్లీమీటర్లవి వాడతాం. కింద నట్టు, దాని మీద బిగింపు నట్టు. ఫాల్స్ సీలింగ్ అందం కోసం, మోయడానికి కాదు. అలాగే మీ లైట్లు, చానెళ్లు మా రాడ్లకూ పైపులకూ వేలాడకూడదు. ఎవరి బరువు వాళ్లు స్లాబుకే కట్టుకోవాలి.

కొట్టు గారూ, చూసే పద్ధతి చెబుతాను. ఏసీకి ఉన్న ఎంసీబీ, అంటే కరెంటు బోర్డులో దాని స్విచ్, దించండి, రిమోట్‌తో ఆపితే సరిపోదు. దాని మీద కాగితం అంటించండి, లేకపోతే కుర్రవాడు ఎవరో లైటు రాలేదని ఎత్తేస్తాడు. గాజు కౌంటర్ ఎక్కవద్దు, నిచ్చెన వేసి ఒకరు పట్టుకోండి. సీలింగ్‌లో ఏసీ పక్కనున్న తలుపు పలక తీసి టార్చితో పైపు వెంట చూడండి. యూనిట్ దగ్గర పైకి లేచిన పైపు అక్కడి నుంచి చివరిదాకా కిందికే దిగాలి, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు. మీటరు, మీటరున్నరకొక ఆధారం ఉండాలి. మేస్త్రి దగ్గర వాలు చూసే రసమట్టం అడిగి తెచ్చుకోండి, కంటి అంచనా మోసం చేస్తుంది. బయటి చివర కూడా చూడండి. ఒకచోట రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక పైపు మూతిలో కందిరీగ మట్టి గూడు కనబడింది.

తీగల డబ్బా మాత్రం మీరు ముట్టుకోవద్దు. ఆ స్విచ్‌ను తెలిసినవాడి చేత మళ్లీ కలిపించండి.

లెక్కల మాస్టారు – సాయంత్రం 4:00

"వాటం" అన్న మాట ఇక్కడ చూసి సంతోషం వేసింది. ఇప్పుడు అందరూ స్లోపు, స్లోపు. మేస్త్రుల నోట బతికిన మంచి తెలుగు మాట.

వరంగల్ ఇంటీరియర్స్ – సాయంత్రం 4:06

స్లోపు అంటే పనివాడికి అర్థమవుతుంది మాస్టారూ. రసమట్టం అంటే మా కుర్రాళ్లు మొహం చూస్తారు.

లెక్కల మాస్టారు – సాయంత్రం 4:30

మొహం చూస్తే నేర్పాలి. వాటం అంటే వాలు ఒక్కటే కాదు, అనువు కూడా. చేతి వాటం అంటాం. స్లోపులో అది ఉందా?

కరెంటు మనిషి – సాయంత్రం 4:31

ఎర్తింగ్ ఉందా ఆ కొట్టుకి?

రాజమండ్రి బట్టల కొట్టు – గురువారం, రాత్రి 11:20

దొరికింది. యూనిట్ నుంచి రెండు గజాల అవతల లైటు చానెల్‌ను కట్టుతీగతో పైపుకు చుట్టి, రెంటినీ కలిపి పైకి లాగి స్లాబు కొక్కేనికి కట్టారు. పైపు అక్కడ ఒంటె మూపులా లేచి ఉంది, నాలుగు వేళ్ల ఎత్తు. దానికి ఇవతల పైపును వేలితో తడితే నీరు కదిలిన చప్పుడు. లైట్లు పెట్టినవాడికి ఫోను చేస్తే "పైపు వేలాడుతుంటే సాయం చేశాం సార్" అన్నాడు.

తీగ కోసి చానెల్‌ను వేరే కట్టించాను. పైపుకు మూడు చోట్ల ఆధారం పెట్టించాను. పైపు మీద స్పాంజి తొడుగు చిరిగిన చోట మళ్లీ చుట్టాలా?

ఇరవయ్యేళ్ల స్పానర్ – గురువారం, రాత్రి 11:34

చుట్టాలి. లోపల చల్లటి నీరు, బయట ఉక్క. తొడుగు లేని చోట పైపుకే చెమట పట్టి సీలింగ్ మీద మరక పడుతుంది, అప్పుడు మళ్లీ ఏసీ కారుతోందని రాస్తారు.

పొద్దున వచ్చే మనిషి చేత ట్రేలో నెమ్మదిగా లీటరున్నర, రెండు లీటర్లు పోయించి, పంపు నడిపించి, బయట పైపులో ధార వస్తోందో లేదో చూడండి. పోసేటప్పుడు తీగల డబ్బా మీద చుక్క పడకూడదు. యూనిట్ మీద రసమట్టం కూడా పెట్టించండి. సమంగా ఉండాలి, మహా అయితే పంపు వైపు వెంట్రుకవాసి వాలినా ఫరవాలేదు, అవతలి వైపు వాలకూడదు. ఆ తరువాత మీ పని ఫిల్టర్లే. బట్టల కొట్లో దారపు నూగు ఎక్కువ, పదిహేను రోజులకోసారి కడిగి నీడలో ఆరబెట్టండి. ట్రే, పంపు ఏటా వేసవికి ముందు శుభ్రం చేయించండి, అడుగున జిగురు పేరుకుంటుంది. రాత్రి మాత్రం రిమోట్‌తో ఆపి, లెక్కలు చూసుకుని, అప్పుడు మెయిన్ దించండి.

ఫ్లోట్ స్విచ్ తీగలు విడదీయించారా? ఆ మాట రాయలేదు.

రాజమండ్రి బట్టల కొట్టు – శనివారం, మధ్యాహ్నం 1:10

నిన్న పొద్దున్నుంచి చుక్క లేదు, బకెట్ తీసేశాను. అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, 24 మీద పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు. బేరం ఉంది, ఉంటాను.

ఇరవయ్యేళ్ల స్పానర్ – శనివారం, మధ్యాహ్నం 1:14

సంతోషం. తీగలు?

లెక్కల మాస్టారు – శనివారం, సాయంత్రం 5:00

24 మంచిది. 26 ఇంకా మంచిది.

ఇరవయ్యేళ్ల స్పానర్ – మంగళవారం, ఉదయం 8:45

కొట్టు గారూ, ఆ తీగల సంగతి ఇంకా చెప్పలేదు.

నల్గొండ క్లినిక్ – మంగళవారం, రాత్రి 10:02

మాదీ ఇదే సమస్య, ఏసీ నుంచి నీళ్లు. చాలా ఇబ్బందిగా ఉంది. ఎవరైనా చెప్పగలరా?

కరెంటు మనిషి – మంగళవారం, రాత్రి 10:03

ఏ ఏసీ?