పగిలిన బృహద్ధమనికి స్టెంటా, ఓపెన్ ఆపరేషనా?

రవిశంకర్: పొట్టలో బృహద్ధమని, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, ఉబ్బి పగిలితే, తొడ దగ్గరి రక్తనాళం గుండా స్టెంట్ గ్రాఫ్ట్ (గుడ్డ తొడిగిన లోహపు గొట్టం) వేయడమే మొదటి దారి కావాలి. చాలామందికి లోకల్ అనస్థీషియా సరిపోతుంది, పొట్ట కోయక్కర్లేదు. ఇంకా చర్చ దేనికి?

మాధవి: దేన్ని బట్టి అంటున్నారు? స్టెంట్‌నీ, పొట్ట కోసి చేసే ఓపెన్ ఆపరేషన్‌నీ పోల్చి 2014లో వచ్చిన ఇంప్రూవ్ ట్రయల్‌లో 613 మంది ఉన్నారు. 30 రోజుల్లోపు మరణాలు స్టెంట్ వైపు 35.4 శాతం, ఓపెన్ వైపు 37.4. దీన్ని తేడా అంటారా?

సుధీర్: లోకల్‌లో చేసినవాళ్లు ఎక్కువగా బతికారని ఆ ట్రయల్‌లోనే ఉంది కదా.

మాధవి: పరిస్థితి కాస్త నిలకడగా ఉన్నవాళ్లకే లోకల్ ఇచ్చి ఉండొచ్చు సుధీర్ గారూ.

రవిశంకర్: ఆ 35.4 ఎవరి లెక్కో చూడండి. పగిలిందన్న అనుమానంతోనే, సీటీ స్కాన్ తీయకముందే గుంపులు విడదీశారు. స్టెంట్ గుంపులో పడి, ధమని ఆకారం కుదరక పొట్ట కోయించుకున్నవాళ్లూ అందులోనే ఉన్నారు. వాళ్ల మరణాలు స్టెంట్ ఖాతాలో వేస్తే ఎలా? 3 ఏళ్ల మరణాల లెక్క చూడండి: స్టెంట్ వైపు 48 శాతం, ఓపెన్ వైపు 56 శాతం.

మాధవి: 7 ఏళ్ల లెక్క కూడా చెప్పండి మరి. రెండు వైపులా దాదాపు 60 శాతం.

రవిశంకర్: మధ్యలో బతికిన ఏళ్లకు విలువ లేదా? మా అమ్మకి ఓపెన్ చేశారు. కిడ్నీలు దెబ్బతిని ఐసీయూ నుంచి బయటికి రాలేదు. మీరు శాతాలు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతోంది.

మాధవి: మా నాన్నకి స్టెంటే వేశారండీ. త్వరగానే ఇంటికొచ్చారు, అందరం సంబరపడ్డాం. గ్రాఫ్ట్ పక్క నుంచి రక్తం మళ్లీ ఉబ్బులోకి కారవచ్చని, బతికున్నంతకాలం స్కాన్లు తీయించుకుంటూ ఉండాలని ఒక్కరు చెప్పలేదు. అలా కారడాన్ని ఎండోలీక్ అంటారట, ఆ మాట విన్నది రెండోసారి పగిలాకే. నేను స్టెంట్ వద్దనడం లేదు. వేసి పంపేసి చేతులు దులుపుకోవడాన్ని అంటున్నాను.

లలిత: ఇద్దరికీ జరిగింది ఘోరం. మా బాబాయికి కూడా స్కాన్ సంగతి మేం అడిగితేనే చెప్పారు.

రవిశంకర్: మాధవి గారూ, బీపీ పడిపోతున్న మనిషి పక్కన నిలబెట్టి ఇంటివాళ్లకి లీకుల గురించి చెబితే సంతకం పెట్టడానికి వెనకాడతారు. అప్పుడు పోయేది ప్రాణం. అందుకే ఆ గంటలో వద్దంటాను.

మాధవి: ఆ గంటలోనే ఒక్క వాక్యం చాలు: "ఇది వేశాక జీవితాంతం చూపించుకోవాలి." ఆ మాటకి ఎవరూ వెనకాడరు. డిశ్చార్జి నాడు చెప్తాంలే అని వదిలేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

రవిశంకర్: డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వమనండి, నేనూ అడుగుతాను. ఆపరేషన్‌కి ముందు మాత్రం ఒప్పుకోను.