అరబ్ పెద్దవాళ్లకి షుగర్ యాప్: స్క్రీన్ కుడి నుంచి ఎడమకి తిప్పితే సరిపోతుందా?

వైట్‌ఫీల్డ్ వాసి
బెంగళూరులో డిజైనర్‌ని. గల్ఫ్ క్లయింట్‌కి షుగర్ మాత్రలు గుర్తుచేసే యాప్ చేస్తున్నాం, వాడేది అరవై దాటినవాళ్లు. ఇంగ్లిష్ స్క్రీన్లని అరబిక్‌లోకి మార్చి తిప్పేశాం కదా, ఇంకేం ఉంది అంటాడు మా మేనేజరు. మొన్న టెస్టింగ్‌లో రీడింగ్ 150 ఉంటే మావాడు "10 అని వచ్చి పక్కన చుక్క పడుతోంది" అని బగ్ వేశాడు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అని టెన్షన్‌గా ఉంది.

చుక్కల ముగ్గు
అది బగ్ కాదు బ్రో 😀 అక్కడి అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా అంటే చుక్క. మొరాకో వైపు మనం వాడే అంకెలే, గల్ఫ్‌లో రెండూ కనిపిస్తాయి, కాబట్టి ఏది కావాలో మొదటి స్క్రీన్‌లోనే అడగండి. ఇంకోటి, బా, తా, సా మూడూ ఒకే ఆకారం, తేడా చుక్కల్లోనే. ఫాంట్ చిన్నదైతే చూపు తగ్గినవాళ్లకి మందు పేరే మారిపోతుంది.

అంబూరు బిర్యానీ
రంజాన్ సంగతి చూశారా? ఉపవాసంలో ఉన్న పెద్దాయనకి మధ్యాహ్నం 2 గంటలకి మాత్ర వేసుకోమని మోగితే మర్నాడే యాప్ తీసేస్తాడు. ఇఫ్తార్ టైమ్ రోజూ కొద్దికొద్దిగా జరుగుతుంది, అలారం సూర్యాస్తమయాన్ని పట్టుకుని ఉండాలి. అలాగని డోసు యాప్ మార్చకూడదు, అది ముందే డాక్టర్ రాసివ్వాలి. షుగర్ 70 కన్నా తగ్గినా 300 దాటినా ఉపవాసం ఆపాలని డాక్టర్ల మార్గదర్శకాల్లో ఉంది. ఆ మాట మందలించినట్టు రాయొద్దు, జబ్బుపడ్డవాళ్లకి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది.

రాజంపేట పిల్ల
మా పిన్ని కువైట్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో ఏళ్ల తరబడి చేసిందండి. ఆవిడ ఫోన్ ముట్టుకునేదే కాదంట, మాత్రలు తీసిచ్చేది మా పిన్నే. పిన్నికి అరబిక్ మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు, అందుకని మాత్రల రేకుల మీద మార్కర్‌తో సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసుకునేది. రోజూ షుగర్ ఎంతని అడిగేది వేరే ఊళ్లో ఉన్న కొడుకు. మోకాళ్ల నొప్పి మాత్రం ఆవిడ కూతురికే చెప్పేది, కొడుక్కి తెలియనిచ్చేది కాదు. మీ యాప్‌లో లాగిన్ ఒక్కటే అయితే ఈ ముగ్గురిలో ఎవరికి ఇస్తారు? మాటలు కూడా వార్తలు చదివే అరబిక్‌లో కాకుండా ఇంట్లో మాట్లాడేదాంట్లో రికార్డు చేయించండి.

వైట్‌ఫీల్డ్ వాసి
సూర్యుడు, చంద్రుడు ఈ రాత్రికే గీస్తా, పిన్నిగారికి థాంక్స్ చెప్పండి. రంజాన్ గురించి అడిగితే "ఫేజ్ 2లో, మార్చి చివర్లో" అన్నాడు మేనేజరు. 2027లో రంజాన్ మొదలయ్యేది ఫిబ్రవరిలో.