ఇంట్లో ప్రింటర్ షేరింగ్: యూఎస్‌బీ లేజర్ ల్యాప్‌టాప్‌లకి, ఫోన్లకి అందట్లేదు, వైఫై ఇంక్‌జెట్ మాటిమాటికీ ఆఫ్‌లైన్

నీలిమేఘం:

ఇంట్లో రెండు ప్రింటర్లు ఉన్నాయి. మొదటిది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. దీనికి యూఎస్‌బీ తప్ప వేరే దారి లేదు, విండోస్ 11 హోమ్ ఉన్న డెస్క్‌టాప్‌కి తగిలించి ఉంది. రెండోది వైఫై ఇంక్‌జెట్, స్కానర్ కూడా అందులోనే. వాడాల్సినవి విండోస్ 11 ప్రో (24హెచ్2 వెర్షన్) ల్యాప్‌టాప్ ఒకటి, విండోస్ 10 ల్యాప్‌టాప్ ఒకటి, రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు.

లేజర్‌ని డెస్క్‌టాప్‌లో షేర్ చేశాను. ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకూడదని పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆపేశాను. విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ కనిపిస్తుంది, కానీ కనెక్ట్ చేయబోతే చివర 11బి అని ఉన్న ఎర్రర్ వస్తోంది. ప్రో ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్‌లోకే వెళ్లనివ్వడం లేదు, గెస్ట్ యాక్సెస్‌ని సెక్యూరిటీ పాలసీ అడ్డుకుంటోందని అంటోంది. ఫోన్లలో లేజర్ అసలు కనిపించదు.

ఇంక్‌జెట్ సంగతి వేరు. రౌటర్ రీస్టార్ట్ అయితే చాలు, ల్యాప్‌టాప్‌లలో ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. తీసేసి మళ్లీ యాడ్ చేస్తే పనిచేస్తుంది. దీనికి శాశ్వత పరిష్కారం ఉందా?

టోనర్:

నీలిమేఘం గారూ, ఇంక్‌జెట్ సంగతి వేరేవాళ్లు చెబుతారు, నేను లేజర్ గురించి రాస్తాను. ఇక్కడ నెట్‌వర్క్ మీద ఉన్నది ప్రింటర్ కాదు, డెస్క్‌టాప్‌లో ఉన్న క్యూ, అంటే ప్రింట్ జాబ్‌ల వరుస. ల్యాప్‌టాప్ మాట్లాడేది విండోస్‌తో. కాబట్టి ఫైల్ షేరింగ్‌కి ఉన్న నియమాలన్నీ దీనికీ వర్తిస్తాయి.

పాస్‌వర్డ్ షేరింగ్ ఆపేయడంతోనే చిక్కు మొదలైంది. అలా ఆపితే వచ్చేవాళ్లంతా గెస్ట్‌గా వస్తారు. 24హెచ్2 ప్రోలో గెస్ట్‌గా వెళ్లడం డిఫాల్ట్‌గా ఆపేశారు, ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్, ప్రింటర్ షేరింగ్ పద్ధతి) సందేశాలకి సైనింగ్, అంటే డిజిటల్ సంతకం, కూడా తప్పనిసరి చేశారు. గెస్ట్ సెషన్‌లో సైనింగ్ కుదరదు. పాస్‌వర్డ్ షేరింగ్‌ని మళ్లీ ఆన్ చేసి, డెస్క్‌టాప్‌లో ప్రింటింగ్ కోసమే ఒక ఖాతా పెట్టండి.

1. డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్లి మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా ఒక లోకల్ యూజర్‌ని చేయండి. స్టాండర్డ్ యూజర్ చాలు, అడ్మిన్ అక్కర్లేదు. పాస్‌వర్డ్ మాత్రం ఖాళీగా వదలొద్దు, ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాని విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు. పిన్ కూడా నెట్‌వర్క్‌లో చెల్లదు. రోజూ పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్లు అదే కొట్టి "పాస్‌వర్డ్ తప్పు అంటోంది" అని తికమకపడేది ఇక్కడే.

2. డెస్క్‌టాప్ ఉన్న నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్‌లో ఉంటే ప్రైవేట్‌కి మార్చండి. తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్.

3. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్. షేర్ పేరు చిన్నదిగా, స్పేస్ లేకుండా పెట్టండి.

4. రెండు ల్యాప్‌టాప్‌లలోనూ క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో డెస్క్‌టాప్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ చేర్చండి. యూజర్ పేరు ముందు డెస్క్‌టాప్ పేరు, బ్యాక్‌స్లాష్ ఉండాలి. ఒక్కసారి చేర్చితే ఇక అడగదు. మీరు కోరుకున్నది కూడా అదే కదా.

ఇక 11బి. 2021 సెప్టెంబర్ సెక్యూరిటీ అప్‌డేట్‌తో ప్రింట్ స్పూలర్‌కి (ప్రింట్ జాబ్‌లు నడిపే విండోస్ సర్వీస్) వచ్చే ఆర్‌పీసీ (ఒక యంత్రం ఇంకో యంత్రంలోని పనిని పిలిచే పద్ధతి) కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయి తీరాలని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. రెండు యంత్రాల్లో ఒకటి అప్‌డేట్ కాకపోయినా, సరైన ఖాతాతో వెళ్లకపోయినా ఈ ఎర్రర్ రావచ్చు. ముందు రెండింటికీ అప్‌డేట్లు వేయండి, పైన చెప్పిన ఖాతాతో ప్రయత్నించండి. అప్పటికీ వస్తే లోకల్ పోర్ట్ దారి ఉంది. విండోస్ 10లో యాడ్ ప్రింటర్, "నాకు కావలసిన ప్రింటర్ ఈ లిస్ట్‌లో లేదు", మాన్యువల్ సెట్టింగ్స్‌తో లోకల్ ప్రింటర్, కొత్త పోర్ట్, రకం లోకల్ పోర్ట్. పోర్ట్ పేరుగా రెండు బ్యాక్‌స్లాష్‌లు, డెస్క్‌టాప్ పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, షేర్ పేరు. తర్వాత 1020 డ్రైవర్ ఎంచుకోండి. ఇలా చేస్తే డ్రైవర్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, డెస్క్‌టాప్‌కి వెళ్లేది తయారైన డేటా మాత్రమే.

డెస్క్‌టాప్‌కి స్లీప్ నెవర్ అని పెట్టడం మరవకండి. అది నిద్రపోతే ప్రింటరూ పోయినట్టే.

అక్షరమాల:

11బికి ఇంత అవసరమా? డెస్క్‌టాప్ రిజిస్ట్రీలో ప్రింట్ కంట్రోల్ కింద ఆర్‌పీసీ ప్రైవసీ వాల్యూ సున్నా చేసి స్పూలర్ రీస్టార్ట్ చేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది.

టోనర్:

అవుతుంది, కాదనను. కానీ అలా చేస్తే ఆ అప్‌డేట్ ఏ లోపాన్ని మూసిందో దాన్నే మళ్లీ తెరిచినట్టు. స్పూలర్ నడిచేది సిస్టం హక్కులతో, ఆ యంత్రంలో దానికి అడ్డే లేదు. ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ చుట్టాలకీ స్నేహితులకీ అందరికీ ఇచ్చి ఉంటాం. లోకల్ పోర్ట్‌కి పట్టేది ఐదు నిమిషాలు, రిజిస్ట్రీ ముట్టకుండానే పని అవుతుంది. అప్‌డేట్ అందని పాత విండోస్ ఉంటే తప్ప ఆ సున్నా జోలికి వెళ్లొద్దు.

ఇంకొకటి. విండోస్ 11లో 22హెచ్2 నుంచి ప్రింటింగ్‌కి ఆర్‌పీసీ నేరుగా టీసీపీ మీద నడుస్తుంది. మునుపు 445 పోర్ట్ ఒక్కటి తెరిచి ఉంటే సరిపోయేది. ఇప్పుడు 135, దానితోపాటు 49152 నుంచి 65535 మధ్య ఏదో ఒక పోర్ట్ కావాలి. విండోస్ సొంత ఫైర్‌వాల్ అయితే ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయగానే వీటికి దారి ఇస్తుంది. వేరే యాంటీవైరస్ ఫైర్‌వాల్ ఉంటే ఇవ్వకపోవచ్చు. షేర్డ్ ఫోల్డర్ తెరుచుకుని ప్రింటర్ మాత్రం కనెక్ట్ కాకపోతే మొదట అనుమానించాల్సింది దాన్నే.

గూటిపక్షి:

ఇంక్‌జెట్ గురించి. రౌటర్ రీస్టార్ట్ అయ్యాక ఆఫ్‌లైన్ అంటే నూటికి తొంభైపాళ్లు ఐపీ అడ్రస్ మారింది. నిన్న 192.168.1.7 ఉన్న ప్రింటర్‌కి రౌటర్ ఇవాళ 192.168.1.12 ఇచ్చింది, ల్యాప్‌టాప్ ఇంకా 7 తలుపే తడుతోంది. ప్రింటర్ మెనూ నుంచి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ చేసి, అందులో ఉన్న ఐపీనీ ల్యాప్‌టాప్‌లో పోర్ట్స్ ట్యాబ్‌లో ఉన్న ఐపీనీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా అక్కడే దొరుకుతుంది.

రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ చేయండి, అంటే ఈ ప్రింటర్‌కి రౌటర్ ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా పెట్టండి. ప్రింట్ చేసిన ఆ కాన్ఫిగరేషన్ పేజీలోనే మ్యాక్ అడ్రస్ (పరికరం సొంత గుర్తింపు సంఖ్య) ఉంటుంది. వైఫైకి ఒకటి, కేబుల్ పోర్ట్‌కి ఒకటి వేర్వేరుగా ఉంటాయి, మీరు వాడుతున్నది వైఫై కాబట్టి దాన్నే ఎంచుకోండి. ప్రింటర్ మెనూలోనే స్టాటిక్ ఐపీ పెట్టొచ్చుగా అంటారు కొందరు. పెట్టొచ్చు, కానీ రేపు రౌటర్ మార్చి కొత్తది 192.168.0 వరుసలో అడ్రస్‌లు ఇస్తే ప్రింటర్ పాత వరుసలోనే ఉండిపోతుంది, ఎవరికీ అందదు. పైగా ఆ నంబర్ డీహెచ్‌సీపీ రేంజ్‌లో ఉంటే రౌటర్ అదే నంబర్‌ని ఒక ఫోన్‌కి ఇచ్చేసే ప్రమాదమూ ఉంది.

రిజర్వేషన్ ఒక్కటే చాలదు. విండోస్ తనంతట తాను యాడ్ చేసిన ప్రింటర్‌కి తరచుగా డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ పెడుతుంది. అది ప్రింటర్‌ని మల్టీకాస్ట్‌తో వెతుక్కుంటుంది, జవాబు రాకపోతే ఆఫ్‌లైన్ అనేస్తుంది. ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్, యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని రిజర్వ్ చేసిన ఐపీ ఇవ్వండి. ప్రోటోకాల్ "రా" (Raw), పోర్ట్ 9100. తర్వాత కాన్ఫిగర్ పోర్ట్ తెరిచి ఎస్‌ఎన్‌ఎంపీ (ప్రింటర్ స్థితి అడిగే పద్ధతి) స్టేటస్ ఎనేబుల్డ్ అన్న టిక్ తీసేయండి. ప్రింటర్ బాగానే ఉన్నా ఎస్‌ఎన్‌ఎంపీకి జవాబివ్వకపోతే విండోస్ దాన్ని ఆఫ్‌లైన్‌గా లెక్కేస్తుంది, ఆ టిక్ తీశాక ఆ గొడవ ఉండదు. పోయేదల్లా ఇంక్ ఎంతుందో, పేపర్ ఉందో లేదో చెప్పే సమాచారం.

ఈ పోర్ట్ ప్రింటింగ్‌కే. స్కానర్ దాని మీద నడవదు, దాన్ని విండోస్ స్కాన్ యాప్‌లోనో ప్రింటర్ కంపెనీ యాప్‌లోనో విడిగా చేర్చుకోవాలి.

ఇవన్నీ చేసినా దొరకకపోతే వైఫైనే చూడాలి. చాలా ఇంక్‌జెట్లు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి, పాతవి డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే అసలు కలవవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్ పెట్టండి. గెస్ట్ వైఫైలో ఉన్న పరికరాలకి ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్ కనిపించదు, అది అలా చేయడానికే ఉంది. కనెక్షన్ ఇచ్చినవాళ్ల రౌటర్ వెనక మీ సొంత రౌటర్ పెట్టారా? పెడితే రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లు, ప్రింటర్ ఒకదానిలో ల్యాప్‌టాప్ ఇంకోదానిలో ఉంటే వెతికినా దొరకదు. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి.

నీలిమేఘం:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంక్‌జెట్‌కి రిజర్వేషన్, 9100 పోర్ట్ పెట్టాక రౌటర్ ఆపి ఆన్ చేసినా రెండు ల్యాప్‌టాప్‌లలో ఆఫ్‌లైన్ అనలేదు. లేజర్‌కి ప్రో ల్యాప్‌టాప్ కొత్త ఖాతాతో కుదిరింది, విండోస్ 10కి మాత్రం లోకల్ పోర్టే పెట్టాల్సి వచ్చింది. ఇక మిగిలింది ఫోన్ల నుంచి లేజర్. డెస్క్‌టాప్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచడం కూడా ఇష్టం లేదు. రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్ట్ ఉంది, ప్రింట్ సర్వర్ అని మెనూలో రాసి ఉంది. 1020ని దానికే తగిలిస్తే సరిపోతుందా?

లాన్‌కేబుల్:

వేరే ప్రింటర్ అయితే చూద్దాం అనేవాణ్ణి, 1020కి మాత్రం వద్దు. ఈ మోడల్ తన ఫర్మ్‌వేర్‌ని (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) లోపల దాచుకోదు. పవర్ ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ యూఎస్‌బీ మీదుగా ఫర్మ్‌వేర్ పంపాలి, అప్పుడుగానీ అది ప్రింట్ డేటాని అర్థం చేసుకోదు. విండోస్‌లో డ్రైవర్ ఆ పని చేసిపెడుతుంది కాబట్టి తెలియదు. మామూలు రౌటర్‌కి ఆ ఫైల్ పంపడం తెలియదు. లైట్ వెలుగుతుంది, జాబ్ వెళ్తుంది, కాగితం రాదు.

ఫోన్లలో కనిపించకపోవడానికి కారణం వేరు. ఆండ్రాయిడ్ వెతికేది ఐపీపీ (నెట్‌వర్క్ ప్రింటింగ్ ప్రమాణం) ప్రింటర్ల కోసం, ఎండీఎన్ఎస్ (ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలని కనుక్కునే పద్ధతి) ద్వారా. విండోస్ షేర్ ఎస్‌ఎంబీ, కాబట్టి ఫోన్‌కి అది ప్రింటర్‌గా కనిపించదు.

రెండింటికీ కలిపి ఒకటే మందు: రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) మీద కప్స్ (లినక్స్‌లో వాడే ప్రింట్ సర్వర్ సాఫ్ట్‌వేర్). పై జీరో 2 డబ్ల్యూ సరిపోతుంది, కానీ దానికి ఉన్నది మైక్రో యూఎస్‌బీ కాబట్టి ఓటీజీ కేబుల్ కావాలి. బొమ్మలు ఎక్కువున్న పీడీఎఫ్‌లు దాని మీద నెమ్మదిగా వస్తాయి, అవే ఎక్కువైతే పై 3 లేదా 4 తీసుకోండి. మూల పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసినా ఇదే పని.

కప్స్, అవాహీ (ఎండీఎన్ఎస్ పని చేసేది), హెచ్‌పీఎల్‌ఐపీ (లినక్స్‌కి హెచ్‌పీ డ్రైవర్లు) ఈ మూడు ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయండి. మీ యూజర్‌ని ప్రింటర్లని నిర్వహించే హక్కు ఉన్న ఎల్‌పీఅడ్మిన్ గ్రూప్‌లో చేర్చండి. 1020కి హెచ్‌పీ ప్రొప్రైటరీ ప్లగిన్ తప్పనిసరి, ఫర్మ్‌వేర్ అందులోనే వస్తుంది. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షన్ ఒకటే కాకపోతే పనిచేయదు. అందుకే ప్లగిన్‌ని బయట వెతికి తెచ్చుకోకుండా, హెచ్‌పీఎల్‌ఐపీతో వచ్చే ప్లగిన్ కమాండ్‌తోనే దించుకోండి. సిస్టం అప్‌డేట్ చేశాక ప్రింట్ ఆగిపోతే కారణం చాలామటుకు ఇదే: హెచ్‌పీఎల్‌ఐపీ ముందుకెళ్లింది, ప్లగిన్ పాతదే మిగిలింది. మళ్లీ ప్లగిన్ కమాండ్ నడపాలి.

తర్వాత కప్స్ పేజీ నెట్‌వర్క్ నుంచి తెరుచుకునేలా చేసి (డిఫాల్ట్‌గా అది ఆ యంత్రంలోనే తెరుచుకుంటుంది), బ్రౌజర్‌లో రాస్ప్‌బెర్రీ పై అడ్రస్, 631 పోర్ట్. అడ్మినిస్ట్రేషన్‌లో ప్రింటర్ యాడ్ చేసి షేర్ దిస్ ప్రింటర్ టిక్ పెట్టండి. సర్వర్ సెట్టింగ్స్‌లో షేరింగ్ టిక్ ఇంకొకటి విడిగా ఉంటుంది. రెండూ ఉండాలి, ఒక్కటే పెట్టి ఫోన్లో కనిపించట్లేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

ఫోన్లో డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్ ఆన్‌లో ఉంటే ప్రింటర్ దానంతటదే వస్తుంది. రాకపోతే ఆ సర్వీస్ మెనూలోనే యాడ్ ప్రింటర్‌కి వెళ్లి ఐపీ అడ్రస్‌తో చేర్చొచ్చు. రాస్ప్‌బెర్రీ పైకి కూడా రౌటర్‌లో రిజర్వేషన్ చేయడం మరవకండి. ల్యాప్‌టాప్‌లు కూడా ఇదే క్యూకి మారితే ఆ షేరింగ్ ఖాతా, లోకల్ పోర్ట్ రెండూ తీసేయొచ్చు.

నీలిమేఘం:

ప్రింటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఫర్మ్‌వేర్ మళ్లీ చేతితో పంపాలా?

లాన్‌కేబుల్:

అక్కర్లేదు. ప్రింటర్ యూఎస్‌బీలో కనిపించగానే హెచ్‌పీఎల్‌ఐపీ పెట్టిన నియమం దానంతటదే పంపుతుంది. ఎప్పుడైనా క్యూ కదలకపోతే ప్రింటర్ ఆన్‌లో ఉండగానే యూఎస్‌బీ కేబుల్ పీకి, ఐదు సెకన్లు ఆగి పెట్టండి. ఫర్మ్‌వేర్ అందితే ప్రింటర్ లోపల మోటార్ ఒకసారి తిరిగిన చప్పుడు వినిపిస్తుంది, అప్పుడు జాబ్ పంపండి.

ఇంకొక జాగ్రత్త: రాస్ప్‌బెర్రీ పైలో కప్స్ బ్రౌజ్డ్ అనే సర్వీస్ నడుస్తుంటే ఆపి డిసేబుల్ చేయండి. అది బయటి ప్రింటర్లని వెతికి చేర్చుకోవడానికి ఉన్నది, మన ప్రింటర్‌ని షేర్ చేయడానికి దాని అవసరం లేదు. 2024 సెప్టెంబర్‌లో బయటపడ్డ కప్స్ లోపాల్లో దాడికి తలుపు తీసింది యూడీపీ 631 మీద వినే ఆ సర్వీసే. బయట నుంచి ప్రింట్ ఇవ్వాలనిపించినా రౌటర్‌లో 631, 9100, 445 పోర్ట్‌లు ఫార్వర్డ్ చేయొద్దు. ఇంటికి వీపీఎన్ పెట్టుకుని దాని మీదుగా రండి. వీపీఎన్ మీద ఎండీఎన్ఎస్ సాధారణంగా దాటదు కాబట్టి అప్పుడు ఫోన్లో ప్రింటర్‌ని ఐపీ అడ్రస్‌తోనే చేర్చాలి.